విండోస్ జాబితాలో తెలుగు ఎందుకు కనబడదు?

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అప్పటినుంచి పాత కంప్యూటర్లున్న చాలామంది విండోస్ 11 ఎక్కించుకునే పనిలో పడ్డారు. షాపుకు తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించుకునేవాళ్ళకు ఈ బాధ తెలియదు. సొంతంగా పెన్‌డ్రైవ్ తయారుచేసుకుందామని మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌కి వెళ్ళినవాళ్ళను మాత్రం డౌన్‌లోడ్‌కు ముందే ఒక ప్రశ్న ఆపుతుంది: ఏ భాష కావాలి?

అరబిక్‌తో మొదలై ఉక్రేనియన్ దాకా సాగే ఆ జాబితాలో ముప్పైకి పైగా పేర్లుంటాయి. దాదాపు 11 లక్షల మంది మాట్లాడే ఎస్టోనియన్ ఉంది. లాట్వియన్, స్లొవేనియన్ ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం మనదేశంలోనే 8,11,27,740 మందికి మాతృభాష అయిన తెలుగు లేదు. హిందీ కూడా లేదు. ఇంగ్లిష్ మాత్రం రెండుసార్లు ఉంది. ఒకటి ‘ఇంగ్లిష్ (యునైటెడ్ స్టేట్స్)’, రెండోది ‘ఇంగ్లిష్ ఇంటర్నేషనల్’.

పోనీ అని ఇంగ్లిష్ ఎంచుకుని, విండోస్ ఎక్కించి, సెట్టింగ్స్ తెరిచి చూస్తే అక్కడి భాషల జాబితాలో తెలుగు నిక్షేపంగా ఉంటుంది. ఎక్కించేటప్పుడు లేని భాష ఎక్కించాక ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఈ చిక్కంతా ‘భాష’ అనే ఒక్క మాట కింద ఇన్‌స్టాలర్ అయిదారు వేర్వేరు సంగతుల్ని కలిపి అడగడం వల్ల వచ్చింది. తెర మీద మాటలు ఏ భాషలో ఉండాలన్నది ఒకటి. తేదీలు, అంకెలు ఎలా రాయాలన్నది ఇంకొకటి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలన్నది మూడోది. పాతకాలపు సాఫ్ట్‌వేర్లకు ఏ అక్షరపట్టిక చూపాలన్నది నాలుగోది. తెలుగు లిపిని సరిగ్గా గీయగలగడం వీటన్నిటికీ వేరు. వీటిలో చాలావరకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఎక్కించిన రోజే ఖాయమైపోతుంది, తర్వాత ఎన్ని సెట్టింగులు తిప్పినా కదలదు. అదేదో తెలిస్తే మిగతావాటి గురించి బెంగ పడనక్కర్లేదు.

తెలుగు రాయడానికి తెలుగు విండోస్ కావాలా?

అక్కర్లేదు. ఈ అపోహ ఇప్పటికీ గట్టిగానే ఉంది కాబట్టి ముందు దీన్ని తేల్చుకుందాం.

‘స్త్రీ’ అని టైపు చేసినప్పుడు కంప్యూటర్ దాచుకునేది ఒక అక్షరాన్ని కాదు, ఆరు సంకేతాలను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది. ఆ గళ్ళలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు ఉన్నాయి గానీ వత్తులకు విడిగా గళ్ళు లేవు. హల్లు తర్వాత పొల్లు, దాని తర్వాత ఇంకో హల్లు వస్తే రెండోదాన్ని వత్తుగా మార్చాలని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే ఒక భాగానికి తెలిసి ఉండాలి. ‘స్త్రీ’లో అన్నిటికన్నా చివర నొక్కిన గుడి దీర్ఘం వెనక్కి వెళ్ళి మొదట నొక్కిన ‘స’ నెత్తికెక్కాలి. త వత్తు కింద కుదురుకోవాలి, ర వత్తు దాన్ని చుట్టుకోవాలి. ఇంగ్లిష్‌కి ఈ తతంగం లేదు. వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టు పక్కపక్కన పేర్చుకుంటూ పోతే చాలు.

ఈ లిపి గీసే భాగం ఒకప్పుడు నిజంగానే విడిగా వేసుకోవలసి వచ్చేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కోసం గౌతమి ఫాంట్ ఇచ్చారు. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళు వేయమని ఒక గడిలో టిక్కు పెడితే గానీ వత్తులు కుదిరేవి కావు. టిక్కు పెట్టగానే ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. ఆ సీడీ షాపువాడి దగ్గర ఉండేది. తెలుగు బ్లాగులు పుంజుకున్న ఆ రోజుల్లో ఎవరికైనా యూనికోడ్ తెలుగు నేర్పాలంటే మొదటి పాఠం ఈ టిక్కే. 2007లో జనానికి అందిన విస్టా నుంచి ఆ భాగం ప్రతి విండోస్‌లోనూ ముందే సిద్ధంగా ఉంటోంది. జర్మన్ విండోస్ వేసుకున్నా, జపనీస్ విండోస్ వేసుకున్నా తెలుగు వెబ్‌పేజీ చక్కగానే కనబడుతుంది.

తెర భాషకూ లిపి గీసే యంత్రాంగానికీ సంబంధం లేదని ప్రపంచం మొత్తానికి తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞ’ తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం వచ్చిన సందేశం అందితే చాలు, దాన్ని గీయబోయి ఆ యాప్ మూతబడిపోయేది. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ళ ఫోన్లు, పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉన్న ఫోన్లు కూడా పడిపోయాయి. ఎందుకంటే అన్ని లిపులనూ గీసే యంత్రాంగం అన్ని ఫోన్లలోనూ ఉంది, తప్పు అందులో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. విజ్ఞానంలో ఉండే అక్షరమే ఇంత పని చేసిందన్నమాట.

ఫాంట్ల విషయంలో మాత్రం చిన్న మెలిక ఉంది. విండోస్ 8 నుంచి తెలుగుతో సహా మన భాషల్లో చాలావాటికి నిర్మల ఫాంట్ సిద్ధంగా వస్తోంది. పాత గౌతమి, దాని తర్వాత వచ్చిన వాణి విండోస్ 10 నుంచి ఐచ్ఛికమయ్యాయి. అందుకే గౌతమిలో చేసిన పాత వర్డ్ ఫైలును కొత్త కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు కనబడతాయి గానీ పంక్తులు జరిగిపోతాయి, పదో పేజీలో ఉండాల్సిన పట్టిక పదకొండులోకి పోతుంది. భాషల జాబితాలో తెలుగును చేర్చితే ఈ ఫాంట్లు వాటంతటవే దిగుతాయి. తెర మీది మాటల్ని తెలుగులోకి మార్చే పని లేదు, జాబితాలో ఉంటే చాలు.

తెర మీది మాటలు ఎక్కడుంటాయి?

‘ఈ ఫైలును తొలగించాలా?’ అని విండోస్ అడిగినప్పుడు ఆ వాక్యం ఫైళ్ళు తొలగించే ప్రోగ్రాములో రాసి ఉండదు. ప్రోగ్రాములో ఉండేది ఒక వరుస సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగా ఏ వాక్యం ఉందో పక్కనే ఉండే భాషా ఫైల్లో వెతికి తెచ్చి చూపిస్తుంది. మన ఆర్టీసీ బస్సుకు ముందు తగిలించే బోర్డు ఇలాంటిదే. ఇంజిను, చక్రాలు అవే ఉంటాయి, బోర్డు తెలుగులో ఉందా, సరిహద్దు దాటాక కన్నడంలో ఉందా అన్నది బస్సు నడకకు పట్టదు.

ఇంత శుభ్రమైన ఏర్పాటు మొదటినుంచీ లేదు. ఎక్స్‌పీ కాలంలో జర్మన్ విండోస్ అంటే జర్మన్ విండోసే. మనకు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అని కనబడే ఫోల్డర్ జర్మన్ కంప్యూటర్ల హార్డ్‌డిస్కు మీద నిజంగానే ‘ప్రోగ్రామె’ అనే పేరుతో ఉండేది. ఇంగ్లిష్ పేరు నమ్ముకుని రాసిన సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడేది. విస్టాతో మాటల్నీ యంత్రాంగాన్నీ పూర్తిగా విడదీశారు. ఫోల్డర్ అసలు పేరు అన్నిచోట్లా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కంటికి కనబడే పేరు మాత్రం భాషను బట్టి మారుతుంది.

విడదీశాక భాషా ఫైళ్ళు రెండు రకాలయ్యాయి. మొదటిది పూర్తి భాష. ఇన్‌స్టాల్ చేసే తెరలనుంచి ఎవరూ తెరవని లోలోపలి పనిముట్ల దాకా ప్రతి వాక్యం అనువాదమై ఉంటుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు పునాదిగా వేయగలిగేది ఇలాంటి భాషనే. డౌన్‌లోడ్ జాబితాలో కనబడేవి ఇవే. రెండోది పైపూత భాష. జనం ఎక్కువగా చూసే తెరల వరకే అనువాదం ఉంటుంది. అనువాదం లేని చోట కింద ఉన్న పునాది భాష బయటపడుతుంది. తెలుగు ఈ రెండో కోవలోది. దాని కింద పునాదిగా ఇంగ్లిష్ ఉండాలి. కాబట్టే మొదటి జాబితాలో లేని తెలుగు, ఇంగ్లిష్ ఎక్కాక రెండో జాబితాలో ప్రత్యక్షమవుతుంది. తెలుగులోకి మార్చిన విండోస్‌లో ఒక మెనూ తెలుగులో, దాన్ని నొక్కితే వచ్చే పెట్టె ఇంగ్లిష్‌లో ఉండడానికి కూడా కారణం ఇదే.

ఎస్టోనియన్‌కు పూర్తి హోదా, తెలుగుకు సగం హోదా ఎందుకని రోషం రావడం సహజం. జనాభాను బట్టి ఈ లెక్క వేసి ఉంటే జాబితా ఇలా ఉండేది కాదు. ఏ దేశంలో ఆఫీసులు, బళ్ళు తమ భాషలో ఉంటేనే కంప్యూటర్ కొంటామని పట్టుబట్టాయో ఆ భాషలు ముందు చేరాయి. మన దగ్గర కంప్యూటర్ కొన్నవాళ్ళు ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు, ఇంగ్లిష్ నేర్చుకోవడానికి కొన్నవాళ్ళు. తెలుగులో లేదని ఎవరూ వెనక్కి ఇచ్చేయలేదు. నా ఉద్దేశంలో లోపం మైక్రోసాఫ్ట్‌లో ఎంతుందో మన అడగకపోవడంలోనూ అంతుంది.

రెండు ఇంగ్లిషులు, ఒక ముడి

డౌన్‌లోడ్ జాబితాలోని రెండు ఇంగ్లిషుల్లో మొదటిది అమెరికాది, ‘ఇంటర్నేషనల్’ అంటే బ్రిటన్‌ది. చూడ్డానికి తేడా కొన్ని స్పెల్లింగులే. రంగుకు, ఇష్టమైనవాటికి బ్రిటిష్ కూర్పులో ఒక అక్షరం ఎక్కువ పడుతుంది. ఇంత చిన్న తేడాకు ఏది తీసుకుంటే ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. ఎక్కించిన రోజు ఏమీ ఉండదు కూడా. తేడా వచ్చేది రెండు మూడేళ్ళ తర్వాత.

అప్పటికి విండోస్ ఎక్కడో చెడుతుంది. అప్‌డేట్లు పడవు, నీలిరంగు తెర వస్తుంది. ఉన్న ఫైళ్ళు, సాఫ్ట్‌వేర్లు కదలకుండా పైనుంచి విండోస్‌ను మళ్ళీ పరిచే మార్గం ఒకటుంది. కొత్త కూర్పుకు మారడానికీ అదే దారి. ఇన్‌స్టాలర్ పాత వ్యవస్థను ఒక పక్కకు నెట్టి, కొత్తదాన్ని పరిచి, పాతదాంట్లోని ప్రోగ్రాములు, సెట్టింగులు, ఖాతాలు ఒక్కొక్కటే ఇందులోకి తరలిస్తుంది. ఈ తరలింపు కుదరాలంటే రెండింటి పునాది భాష ఒకటే కావాలి. అమెరికన్ పునాది మీద బ్రిటిష్ పెన్‌డ్రైవ్ పెడితే ఇన్‌స్టాలర్ వాటిని ఇంగ్లిష్, జర్మన్ అంత దూరపు భాషలుగానే చూస్తుంది. ‘ఫైళ్ళు, యాప్‌లు అలాగే ఉంచు’ అనే వరుస మసకబారి నొక్కడానికి వీల్లేకుండా పోతుంది. ట్యాలీ, ఆఫీస్, ప్రింటర్ డ్రైవర్లు, అన్నీ మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి.

చాలామంది ఇక్కడే తప్పుగా ఊహిస్తారు. సెట్టింగ్స్‌లో తెర భాషను బ్రిటిష్ ఇంగ్లిష్‌కో తెలుగుకో మార్చుకున్నాం కాబట్టి పునాది కూడా మారిందనుకుంటారు. మారదు. ఎక్కించిన రోజున ఏ ఫైలుతో ఎక్కించారో అదే పునాది. షాపులో ఎక్కించినదైతే ఏదో మనకు తెలియదు కాబట్టి కనుక్కోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, డిఐఎస్ఎం అనే పనిముట్టును భాషా వివరాలు అడిగితే ‘డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్’ అనే వరుసలో ‘ఈఎన్-యూఎస్’ అనో ‘ఈఎన్-జీబీ’ అనో చెబుతుంది. పెన్‌డ్రైవ్‌కు ఆ భాషనే దింపుకోవాలి. మామూలుగా విండోస్ అప్‌డేట్ ద్వారా కొత్త కూర్పుకు మారేవాళ్ళకు ఈ పని లేదు, సరైన భాషను అదే వెతుక్కుంటుంది.

అంతా తుడిచేసి కొత్తగా వేసుకునేవాళ్ళు ఏది తీసుకున్నా చెల్లుతుంది. నన్నడిగితే అమెరికన్ ఇంగ్లిష్‌నే పునాదిగా వేసుకుని, తేదీలు, అంకెలు మాత్రం భారత్‌వి పెట్టుకోమంటాను. తేడా వచ్చినప్పుడు తెర మీది సందేశాన్ని వెతికితే ఎక్కువ పరిష్కారాలు దొరికేది ఆ మాటల్లోనే. ఇదే కారణంతో, తెర భాషను తెలుగుకు మార్చుకున్నవాళ్ళు లోపం వచ్చినప్పుడు వాక్యాన్ని వదిలేసి దాని పక్కనుండే సంఖ్యను రాసుకోవడం మేలు. వాక్యం భాషను బట్టి మారుతుంది. 80070005 అనే సంఖ్య మాత్రం ఏ భాషలోనైనా ‘అనుమతి లేదు’ అనే చెబుతుంది.

---
బాక్స్: పునాదిలో గడ్డకట్టే పేరు

విండోస్‌లో సర్వాధికారాలున్న వాడుకరుల గుంపును ఇంగ్లిష్‌లో ‘అడ్మినిస్ట్రేటర్స్’ అంటారు. జర్మన్ విండోస్ ఎక్కించేటప్పుడు ఆ గుంపు ‘అడ్మినిస్ట్రాటోరెన్’ అనే పేరుతో పుడుతుంది. తర్వాత తెర భాషను ఇంగ్లిష్‌కు మార్చినా గుంపు పేరు అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే అది బోర్డు మీది మాట కాదు, ఎక్కించిన రోజున ఖాతాల పుస్తకంలో రాసేసిన పేరు. హైదరాబాద్‌లో కూర్చుని ‘అడ్మినిస్ట్రేటర్స్’ పేరు మీద రాసిన స్క్రిప్టు జర్మనీ క్లయింటు కంప్యూటర్లో ఆ గుంపు దొరక్క ఆగిపోతుంది. ప్రతి గుంపుకూ పేరు వెనక ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈ గుంపుది అన్ని భాషల్లోనూ 544తోనే ముగుస్తుంది. అనుభవమున్న ప్రోగ్రామర్లు పేరు జోలికి పోకుండా ఆ సంఖ్యనే పిలుస్తారు.

---

ఏప్రిల్ అయిదా, మే నాలుగా?

ఇన్‌స్టాలర్ మొదటి తెరలో భాష కిందనే ‘సమయం, కరెన్సీ రూపం’ అని ఇంకో వరుస ఉంటుంది. భాష అమెరికన్ ఇంగ్లిష్ అయితే ఇది కూడా అమెరికాకే సిద్ధమై ఉంటుంది. చూడకుండా ‘నెక్స్ట్’ నొక్కేస్తారు. నిజానికి రోజువారీ పనిలో ఎక్కువ నష్టం చేసేది ఈ వరుసే.

అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. ఆ పద్ధతిలో ఉన్న కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి 05-04-2025 అని కొడితే, మీ మనసులో ఏప్రిల్ అయిదు ఉన్నా, ఎక్సెల్ దాన్ని మే నాలుగుగా దాచుకుంటుంది. 25-04-2025 అని కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల ఎంట్రీలు వేరే నెలలోకి పోతాయి, పదమూడు నుంచి నెలాఖరు దాకా ఉన్నవి ఏ నెలలోకీ చేరవు. రోజు, నెల ఒకే అంకె అయినవి మాత్రం అదృష్టం కొద్దీ బతుకుతాయి. ఏ పెట్టెలోనూ ఎర్రగీత పడదు, హెచ్చరిక రాదు. నెలవారీ మొత్తం తేడా వచ్చాక గానీ అనుమానం రాదు. ఒక చిన్న ఆనవాలు ఉంది: నిజమైన తేదీలు గడిలో కుడివైపుకు జరిగి ఉంటాయి, అక్షరాలుగా మిగిలిపోయినవి ఎడమవైపుకు. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కనబడితే ఎక్సెల్‌ను తిట్టుకునే ముందు విండోస్ ప్రాంతం సెట్టింగ్ చూడాలి.

అంకెల్లోనూ ఇదే గొడవ. పైన చెప్పిన జనగణన సంఖ్యను భారత్ పద్ధతి ఎంచుకున్న కంప్యూటర్ 8,11,27,740 అని కామాలు పెట్టి చూపిస్తుంది. అమెరికా పద్ధతిలో అదే సంఖ్య 81,127,740 అవుతుంది. కోట్లు, లక్షలు చదివే కళ్ళకు అది ఆగి ఆగి లెక్కపెట్టుకోవాల్సిన సంఖ్య. జర్మనీలో ఇంకో అడుగు ముందుకేసి దశాంశానికి కామా, వేలకు చుక్క వాడతారు. ప్రింటర్ కాగితం కూడా ఈ వరుసను బట్టే పోతుంది. అమెరికా ఎంచుకుంటే ‘లెటర్’ కొలత వచ్చి కూర్చుంటుంది. అది మన ఏ4 కన్నా కాస్త వెడల్పు, పొడవు తక్కువ. డీటీపీ సెంటర్లో పెట్టిన కొత్త కంప్యూటర్ నుంచి వచ్చే ప్రింట్లు పేజీలో సరిగ్గా కూర్చోవడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఊరట ఏమిటంటే ఇది పునాది కాదు. ఎప్పుడైనా ‘ఇంగ్లిష్ (ఇండియా)’కు మార్చుకోవచ్చు. కానీ అప్పటికే తప్పుగా దాచుకున్న తేదీలు మారవు. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక రోజుల లెక్క, మే నాలుగు లెక్క ఇక మే నాలుగుదే. అందుకని దీన్ని మొదటి రోజే సరిచేసుకోవాలి.

ఇదే వరుస గురించి 2023లో ఒక తమాషా బయటపడింది. విండోస్ 11 ఎక్కించేటప్పుడు ఇక్కడ ‘ఇంగ్లిష్ (వరల్డ్)’ అని ఎంచుకుంటే, వాడుకరి ఏ దేశం వాడో తేల్చుకోలేక, స్టార్ట్ మెనూలో అడగకుండా వచ్చిపడే ప్రచార యాప్‌లు రాకుండా పోయాయి. మధ్యలో ఒక లోపం తెర వస్తుంది, దాటేయవచ్చు. తర్వాత ప్రాంతాన్ని ఇండియాకు మార్చుకోకపోతే స్టోర్ సరిగ్గా పనిచేయదు.

సరైన పాస్‌వర్డే, కానీ తప్పంటుంది

మూడో వరుస కీబోర్డు. మన దేశంలో అమ్మే కీబోర్డుల మీది అక్షరాల అమరిక అమెరికాది, ఒకోసారి 4 మీట మీద ₹ అదనంగా ఉంటుంది. ‘ఇంటర్నేషనల్’ విండోస్ తీసుకున్నవాళ్ళకు ఈ వరుసలో బ్రిటిష్ అమరిక వచ్చి కూర్చుంటుంది. అందులో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే @ పడదు, " పడుతుంది. షిఫ్ట్ 3 నొక్కితే # బదులు £ వస్తుంది.

మామూలుగా అయితే కళ్ళముందే తేడా తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ గడిలో మాత్రం అన్నీ చుక్కలే. ఫోన్లో పెట్టుకున్న మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్‌లో @ ఉందనుకోండి, ఇక్కడ ఎన్నిసార్లు కొట్టినా తప్పనే అంటుంది. ఇంతకన్నా చిక్కైన కేసు ఇంకొకటి. తప్పు అమరికలోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. అవే మీటలు నొక్కుతున్నంత కాలం అది పనిచేస్తూనే ఉంటుంది. ఒకరోజు ఎవరో కీబోర్డును సరిచేస్తారు. మర్నాటినుంచి లోపలికి పోనివ్వదు. కంప్యూటర్ దాచుకున్నది మీటల్ని కాదు, అప్పట్లో వాటినుంచి వచ్చిన గుర్తుల్ని. తెలుగు కీబోర్డు జతచేసుకున్నవాళ్ళు లాగిన్ తెర దగ్గర ఆగిపోవడానికీ ఇదే మూలం. అక్కడ మూలన ఉండే భాష గుర్తును నొక్కి ఇంగ్లిష్‌కు మార్చుకోవాలి.

‘యునైటెడ్ స్టేట్స్-ఇంటర్నేషనల్’ అనే ఇంకో అమరిక కూడా కనబడుతుంది. పేరు చూసి మెరుగైనదేమో అనుకుంటారు. ఇది ఫ్రెంచ్, స్పానిష్ అక్షరాల మీద గీతలు పెట్టుకునేవాళ్ళ కోసం. కొటేషన్ గుర్తు నొక్కితే వెంటనే పడదు, తర్వాతి అక్షరం కోసం ఎదురుచూస్తుంది. మనకు దీనితో పని లేదు.

తెలుగు కోసం ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు పొందే ఫొనెటిక్ కీబోర్డును మైక్రోసాఫ్ట్ 2019 మే అప్‌డేట్‌లో విండోస్‌లోనే చేర్చింది. ఈ రెండింట్లో ఏదైనా ఎక్కించాక చేర్చుకోవచ్చు. మొదటి తెరలో మాత్రం అమెరికన్ అమరికో ‘ఇంగ్లిష్ (ఇండియా)’నో ఉంటే చాలు.

అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్

యూనికోడ్ రాకముందు రాసిన ప్రోగ్రాములకు ఒక అక్షరం అంటే ఒక బైటు, అంటే 256 గళ్ళు. మొదటి 128 ఇంగ్లిష్‌వి. మిగతా 128 గళ్ళలో ఏ అక్షరాలుండాలో దేశాన్ని బట్టి మారేది. పశ్చిమ ఐరోపాకు 1252 నంబరు పట్టిక, జపాన్‌కు 932. జపాన్ వాళ్ళకు 256 ఎటూ సరిపోవు కాబట్టి రెండేసి బైట్లు కలిపి ఒక అక్షరం చేశారు. జపనీస్ విండోస్‌లో ఫోల్డర్ల మధ్య \ బదులు ¥ గుర్తు కనబడేది ఆ పట్టిక పుణ్యమే.

తెలుగుకు విండోస్‌లో ఇలాంటి పట్టిక అసలు లేదు. యూనికోడ్‌తోనే తెలుగు ప్రవేశం. ఆ ముందు కాలంలో మన డీటీపీ వాళ్ళు ఖాళీగా కూర్చోలేదు. అను వంటి ఫాంట్లు పశ్చిమ ఐరోపా అక్షరాల గళ్ళలో తెలుగు తలకట్లు, గుణింతాలు, వత్తుల బొమ్మలు పెట్టాయి. కంప్యూటర్ దృష్టిలో అదంతా అర్థం లేని ఇంగ్లిష్. మన కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంట్లతో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. పెళ్ళికార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో అది ఇంకా బతికే ఉంది.

ఇలాంటి కంప్యూటర్లో ‘యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష’ అనే సెట్టింగ్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచాలి. తెలుగు పని కదా అని అక్కడ ఏదో మార్చబోతే 1252 పట్టిక పోయి అను అక్షరాలు చెదిరిపోవచ్చు. అదే తెరలో ‘ప్రపంచ భాషలన్నిటికీ యూటీఎఫ్-8 వాడు’ అనే గడి కూడా ఉంటుంది, ఇంకా ప్రయోగదశలో ఉందని పక్కనే రాసి ఉంటుంది. ఆధునికంగా అనిపించి టిక్కు పెడితే, పై 128 గళ్ళలోని ఒక్కో బైటును కొన్ని బైట్లు కలిసిన అక్షరంలో ముక్కగా చదవడం మొదలవుతుంది. పాత ఫైళ్ళున్న డీటీపీ కంప్యూటర్లో దాని జోలికి పోకూడదు.

---
బాక్స్: లైనక్స్‌లో

లైనక్స్ కూర్పుల్లో ఒకటైన డెబియన్‌లో భాషకో ఫైలు లేదు. ఒకే ఫైల్లో అన్ని భాషలూ ఉంటాయి, ఇన్‌స్టాలర్ అడిగే మొదటి ప్రశ్నే భాష, అందులో తెలుగు ఉంది. కాకపోతే బొమ్మలతో కూడిన ఇన్‌స్టాలర్‌లోనే. నల్లతెర మీద ఉత్త అక్షరాలతో నడిచే ఇన్‌స్టాలర్ ఒక్కో అక్షరాన్ని ఒక్కో సమానమైన గడిలో పెడుతుంది, పైన గుడి, కింద వత్తు ఉండే లిపి ఆ గడిలో ఇమడదు. తెలుగును ఎంచుకుంటే డౌన్‌లోడ్‌ల వంటి ఫోల్డర్లు హార్డ్‌డిస్కు మీదే తెలుగు పేర్లతో పుడతాయి. కమాండ్లు కొట్టేవాళ్ళకు అది ఇబ్బంది, మౌస్‌తో పనిచేసేవాళ్ళకు హాయి. తర్వాత భాష మారిస్తే పేర్లు కూడా మార్చాలా అని తర్వాతి లాగిన్‌లో అడుగుతుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వలంటీర్లు లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ళతరబడి పనిచేశారు.

---

కొనేటప్పుడే చూడాల్సింది

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కచోట లైసెన్సే అడ్డు పడుతుంది. మన దేశంలో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది ‘విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్’. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎంచుకున్న భాష తప్ప తెర మీద ఇంకో భాషకు ఇది ఒప్పుకోదు. తెలుగులో టైపు చేయడానికి, చదవడానికి ఏ అడ్డూ లేదు, ఆంక్ష తెర మీది మాటలకే. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం మెనూలన్నీ తెలుగులో కావాలనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద ‘అబౌట్’ పేజీ తెరిచి, ఎడిషన్ పేరు చివర ‘సింగిల్ లాంగ్వేజ్’ అని ఉందేమో చూడాలి. ఉత్త ‘హోమ్’ అయినా, ‘ప్రో’ అయినా ఈ గొడవ లేదు.

ఐరోపాలో కొనేవాళ్ళకు ఎడిషన్ పేరు చివర ‘ఎన్’ అనే అక్షరం కనబడవచ్చు. అది భాష కాదు. విండోస్‌తో పాటు మీడియా ప్లేయర్‌ను అంటగట్టడం కుదరదని 2004లో ఐరోపా కమిషన్ తీర్పు ఇచ్చాక, ఆ ప్లేయర్ తీసేసి అమ్మడం మొదలుపెట్టిన కూర్పు. కావాలంటే విడిగా వేసుకోవచ్చు.

జర్మనీలో చదువుకోవడానికి వెళ్ళి అక్కడే ల్యాప్‌టాప్ కొన్న మన పిల్లలకు పునాది జర్మన్‌లో వస్తుంది. ఎడిషన్ ఉత్త హోమ్ అయితే ఇంగ్లిష్‌ను చేర్చుకుని తెర మొత్తం మార్చేసుకోవచ్చు, ఆ ఇంగ్లిష్ మీద తెలుగునూ పరుచుకోవచ్చు. గుంపుల పేర్లు వంటివి జర్మన్‌లోనే మిగిలిపోతాయి, మామూలు వాడకంలో అవి కంటబడవు. మళ్ళీ మరమ్మతు చేయాల్సి వస్తే మాత్రం జర్మన్ ఫైలే దింపుకోవాలి. కొన్న వారంలోనే, అంటే ఇంకా ఏమీ ఎక్కించుకోకముందే, అంతా తుడిచి ఇంగ్లిష్ పునాది వేసుకుంటే ఆ పీడ కూడా ఉండదు. కీబోర్డు సంగతి వేరు. జర్మన్ మీటల మీద వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ ఉండాల్సిన చోట వై అచ్చు వేసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో అమెరికన్ అమరికకు మార్చుకుంటే వేళ్ళకు అలవాటైన చోటే అక్షరాలు పడతాయి, మీటల మీది అచ్చు మాత్రం ఇంకో మాట చెబుతూనే ఉంటుంది. చూడకుండా టైపు చేయగలిగినవాళ్ళు పట్టించుకోరు. మిగతావాళ్ళకు మీటల మీద అంటించుకునే స్టిక్కర్లు దొరుకుతాయి.